వీధి ముఖం ఎవరు దిద్దారు?

విజయవాడ పటమటలో గానీ, విశాఖ ఎంవీపీ కాలనీలో గానీ, హైదరాబాదు కూకట్‌పల్లిలో గానీ గత పాతిక ముప్పై ఏళ్లలో లేచిన అపార్టుమెంట్ల వీధిలో ఓ వంద గజాలు నడిచి చూడండి. ఊరు మారినా వీధి మారదు. ముందు ప్రహరీ గోడ, ఇనుప గేటు. గేటు వెనక స్తంభాల నీడలో వరసగా కార్లు. వాటి నెత్తిన నాలుగైదు అంతస్తుల ఇళ్లు. పక్క బిల్డింగుకీ దీనికీ మధ్య మనిషి ఒదిగి నడిచేంత సందు. నడిచేవాడి కంటి ఎత్తులో కిటికీ ఉండదు, అరుగు ఉండదు, కొట్టు ఉండదు.

ఇలా ఉండాలని ఏ ఆర్కిటెక్టూ కోరుకోలేదు. కోరింది బిల్డింగ్ రూల్స్. పార్కింగుకు వదిలిన స్తంభాల అంతస్తును, అంటే స్టిల్ట్‌ను, భవనం ఎత్తులో లెక్కించరు. ఎత్తు 18 మీటర్లకు చేరితే హైరైజ్ కిందికి వచ్చి నిబంధనలు బిగుసుకుంటాయి. నాలుగు వైపులా ఖాళీ, అంటే సెట్‌బ్యాక్, వదలాలి. ఈ మూడు షరతులూ కలిపితే వచ్చే బొమ్మే 'స్టిల్ట్ ప్లస్ ఫైవ్'. లక్షల మంది వేరువేరుగా కట్టుకున్నా ఒకే చెయ్యి గీసినట్టు కనిపించడానికి కారణం అదే.

ఇప్పుడు చార్మినార్ పక్కన పత్తర్‌గట్టికి వెళ్దాం. రోడ్డుకు రెండు వైపులా గ్రానైటు ముఖాలతో, ఒకే ఎత్తులో, కమాను వెంట కమానుగా సాగే దుకాణాల వరస. ఎండ తగలకుండా కమానుల కిందే నడిచిపోవచ్చు. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని తిరిగి నిలబెట్టేందుకు 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన వీధి ఇది. దుకాణాలు ఎవరివైనా, వీధి ముఖం మాత్రం ఊరిదని ఆ బోర్డు అనుకుంది.

ఆ వీధినీ ఈ వీధినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సమీక్ష అడగదలచిన ప్రశ్న కనిపిస్తుంది. ఒక భవనానికో, ఒక కూడలికో రూపం ఇవ్వడం అర్థమవుతుంది. మరి లక్షలమంది యజమానులు, వందేళ్ల కాలం, ఎడతెగని మార్పు ఉన్న మొత్తం నగరానికి రూపం ఇవ్వగలమా? ఇస్తే ఎవరు, దేనితో? నగరవ్యాప్త రూపకల్పన అన్న శాస్త్రం నూటయాభై ఏళ్లుగా ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతోంది.

మనకు మాస్టర్ ప్లాన్ తెలుసు. ఇళ్లకు పసుపు, పార్కులకు పచ్చ అంటూ నేలకు రంగులు వేసే పటం అది. ఏ స్థలంలో ఏం చేయవచ్చో చెబుతుంది. అక్కడ కట్టినది వీధిలోంచి చూస్తే ఎలా ఉంటుందో, దాని నీడ ఎవరి మీద పడుతుందో, దాని వెనక కొండ కనిపిస్తుందో లేదో చెప్పదు. ఆ రెండో పనే అర్బన్ డిజైన్. దాన్ని ఊరంతటికీ వర్తించేలా చేయడం కొత్త ఆలోచన అనుకుంటాం గానీ, అంత కొత్తదేమీ కాదు.

రాజులు వేసిన కొలతలు

ఓరుగల్లు కోటలో నడిమధ్య స్వయంభూ శివాలయం, దానికి నాలుగు దిక్కులా కీర్తితోరణాలు, చుట్టూ రాతికోట, ఆపైన మట్టికోట. గుడి శిథిలమైపోయినా తోరణాలు నిలబడి ఆ ఊరి లెక్కను నేటికీ చెబుతున్నాయి. మన గుడి ఊళ్లలో మాడవీధుల వెడల్పును నిర్ణయించింది రథం. తేరు తిరగాలి, జనం నిలబడాలి అన్న ఒక్క అవసరం ఆ నాలుగు వీధులనూ కబ్జా కాకుండా శతాబ్దాలు కాపాడింది. రూలు ఏటేటా ఊరేగి తనను తాను గుర్తుచేసుకుంటుంటే దాన్ని మరిచిపోవడం కష్టం.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా హయాంలో మీర్ మోమిన్ చార్మినార్ నుంచి నాలుగు దారులు తీసి వాటి చుట్టూ హైదరాబాదును పరిచాడు. 1727లో సవాయి జైసింగ్ కట్టించిన జైపూర్‌లో ఇంకో అడుగు ముందుకు పడింది. పెద్ద బజార్ల పొడవునా దుకాణాల ముఖాలు ఒకే తీరున ఉండాలని రాజ్యమే పట్టుబట్టి కట్టించింది. దుకాణం వెనకాల ఏం కట్టుకున్నా వర్తకుడి ఇష్టం. ముందు ఊరిది, వెనక నీది అన్న ఈ పంపకమే తర్వాతి కథకంతా మూలం.

గీత నుంచి షరతుకు

ఐరోపాలో ఈ పంపకాన్ని చట్టంగా మార్చింది పారిస్. 1853 నుంచి 1870 దాకా అక్కడి పాలనాధికారి హౌస్‌మన్ పాత ఊరిని చీల్చి విశాలమైన రోడ్లు వేశాడు. అందరికీ గుర్తున్నవి ఆ రోడ్లే. నగరానికి నిజంగా రూపం ఇచ్చింది మాత్రం 1859లో వచ్చిన ఎత్తు నిబంధన. 20 మీటర్లు, అంతకు మించిన వెడల్పున్న వీధిలో ఇంటి ముఖం 20 మీటర్ల వరకు లేవవచ్చు. చూరు వరస కలిసింది, వీధికి దరి ఏర్పడింది. ఆ అందం కోసం వేల పేద కుటుంబాలు శివార్లకు తరలిపోయాయన్నది కూడా ఆ కథలో భాగమే. వందేళ్ల తర్వాత 1973లో 210 మీటర్ల మాంపర్నాస్ టవర్ లేచినప్పుడు పారిస్ జనం ఉలిక్కిపడ్డారు. 1977లో నడిబొడ్డున 25 మీటర్లు, మిగతా చోట్ల 37 మీటర్లు మించరాదని గీత గీసుకున్నారు. ఆ గీతను సడలించడమా, మళ్లీ బిగించడమా అన్న వాదన నేటికీ అక్కడి నగర రాజకీయాల్లో భాగమే.

అదే 1859లో బార్సిలోనాకు ఇంజనీరు సెర్దా గీసిన విస్తరణ పటం మరో పాఠం. ఒక్కో బ్లాకు 113 మీటర్ల చదరం, మామూలు వీధి 20 మీటర్లు, బళ్లు తిరిగేందుకు మూలలు కోసిన కూడళ్లు. బ్లాకుకు రెండు వైపులే కట్టి, నడుమ తోట వదలాలన్నది అతని కోరిక. భూయజమానులు నాలుగు వైపులా కట్టేశారు, తోటలు మాయమయ్యాయి. వీధుల గీత మాత్రం చెక్కుచెదరలేదు. 2016 నుంచి ఆ నగరం తొమ్మిదేసి బ్లాకులను ఒక జట్టుగా కలిపి లోపలి వీధుల్లో వాహనాలను కట్టడి చేస్తోంది. నూటయాభై ఏళ్ల క్రితం పోయిన తోటను ఈ తరం వీధి నడిమధ్యలో వెతుక్కుంటోంది.

అమెరికాలో 1909 నాటి షికాగో ప్రణాళిక బొమ్మల వైభవానికి పరాకాష్ఠ. బర్న్‌హామ్, బెనెట్ కలిసి రూపొందించిన ఆ పటాలను జనంలోకి తీసుకెళ్లేందుకు ఒక పాఠ్యపుస్తకమే రాయించి బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పారు. పెద్దయ్యాక ఓటు వేసేది వాళ్లేగదా అన్నది ఆలోచన. ప్రణాళికకు ప్రజల్లో వారసులను తయారుచేయాలని అంత ముందుచూపుతో అనుకున్న నగరాలు అరుదు.

న్యూయార్క్‌ది మొరటు దారి. 1915లో ఈక్విటబుల్ భవనం వీధి అంచు నుంచి నిట్టనిలువుగా లేచి చుట్టుపక్కల వాళ్లకు సూర్యుణ్ని మరుగుచేసింది. మరుసటి ఏడాది నగరమంతటికీ జోనింగ్ చట్టం వచ్చింది. కట్టడం పైకి పోయేకొద్దీ, మన గాలిగోపురంలా, మెట్లుమెట్లుగా వెనక్కి తగ్గాలి. శైలి గురించి చట్టంలో ముక్క లేదు. అయినా ఆ మెట్ల గోపురాలే న్యూయార్క్ ముఖచిత్రమయ్యాయి. 1922లో హ్యూ ఫెర్రిస్ అనే చిత్రకారుడు ఒక ఆర్కిటెక్టుతో కలిసి ఆసక్తికరమైన పని చేశాడు. చట్టం అనుమతించినంతా కడితే భవనం ఏ ఆకారంలో వస్తుందో అంచెలంచెలుగా బొగ్గుతో గీశాడు. సెక్షన్లకు కళ్లు వచ్చినట్టయింది. ఈ బొమ్మలను గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వాటితో పని ఉంది.

కాలినడకన చూసినవాళ్లు

పైవన్నీ ఎత్తు నుంచి చూసిన చూపులు. నేల మీద నడిచి చూసినవాళ్లలో తొలి పేరు ప్యాట్రిక్ గెడ్డిస్. 1914లో భారతదేశానికి వచ్చిన ఈ స్కాట్లాండు పెద్దాయన మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇందోరు దాకా ఎన్నో ఊళ్లు తిరిగి నివేదికలు రాశాడు. ఆనాటి మున్సిపల్ ఇంజనీర్లకు ఇరుకు పేటకు తెలిసిన మందు ఒకటే, అడ్డంగా రోడ్డు కొట్టడం. గెడ్డిస్ గొంది గొందీ నడిచి, పడిపోయిన ఇల్లు ఎక్కడుందో, చెట్టు ఎక్కడుందో, బావి ఎక్కడుందో గుర్తించి, ఆ ఖాళీలను కలిపితే గాలి, దారి రెండూ వస్తాయనీ, ఖర్చూ తగ్గుతుందనీ చూపించాడు. కత్తి పెట్టేముందు నాడి చూడమన్నాడు. కోస్తా, రాయలసీమ పట్టణాలకూ వర్తించిన మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం 1920లో వచ్చింది. చట్టం మనకు దక్కింది గానీ, నాడి చూసే అలవాటు రాలేదు. రోడ్డు వెడల్పు చేయడమంటే ఇంటి ముందు ఎర్ర రంగు గీత గీయడమే నేటికీ.

1933 నాటి ఏథెన్స్ సమావేశంలో ఆధునిక వాస్తుశిల్పులు నగరాన్ని నివాసం, పని, వినోదం, రవాణా అని నాలుగు ముక్కలుగా విడగొట్టారు. ఆ సిద్ధాంతం మన గడ్డ మీద చండీగఢ్ అయింది. 800 మీటర్లకు 1,200 మీటర్ల సెక్టార్లు, సెక్టార్ 17 బజారులో ఒకే చట్రంలో ఇమిడిన కట్టడాలు. క్రమశిక్షణకు అది మంచి ఉదాహరణ. నడిచేవాడికి దూరాలు ఎక్కువ.

ఈ విడగొట్టుడు మీద తిరుగుబాటు నుంచే అర్బన్ డిజైన్ ప్రత్యేక విద్యగా పుట్టింది. 1956లో హార్వర్డ్‌లో జోసె లూయీ సెర్ట్ జరిపిన సదస్సు దానికి నాంది. 1960లో కెవిన్ లించ్ బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలిస్ వాసులను వాళ్ల ఊరి పటం గుర్తున్నంత మేరకు గీయమన్నాడు. దారులు, అంచులు, పేటలు, కూడళ్లు, ఆనవాళ్లు అనే అయిదింటితోనే మనిషి తన నగరాన్ని మనసులో కట్టుకుంటాడని తేల్చాడు. మరుసటి ఏడాది నగరాల మీద రచయిత్రి జేన్ జేకబ్స్ పుస్తకం వచ్చింది. ఇళ్లూ కొట్లూ కలగలిసి, పొద్దున్నుంచి రాత్రిదాకా ఎవరో ఒకరు వీధిని గమనిస్తుంటేనే వీధి క్షేమమని ఆమె వాదన. అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను పలకరించే ముసలమ్మలున్న ఊళ్లలో పెరిగినవాళ్లకు ఇందులో కొత్తగా చెప్పిందేముంది అనిపిస్తుంది. ఆ అరుగులు తీసేసి కార్లు పెట్టుకున్నాక గానీ కొత్తేమిటో తెలియదు.

కొండల మీద ఒక ప్రయోగం

పై చూపునూ కింది చూపునూ కలిపి, ఊరంతటికీ ఒకే రూపకల్పన పత్రంగా రాసిన ప్రయోగాల్లో శాన్‌ఫ్రాన్సిస్కోది ముందు చెప్పుకోవాలి. 1950ల చివరి నుంచి 1960ల దాకా ఆ నగరానికి మూడు దెబ్బలు తగిలాయి. నీటి ఒడ్డున లేచిన ఫోంటానా అపార్టుమెంట్లు వెనకవాళ్లకు సముద్రపాయను మూసేశాయి. ఎత్తు మీద కట్టిన ఎంబార్కడేరో ఫ్రీవే రేవును ఊరినుంచి విడదీసింది. నడిబొడ్డున ముదురు రంగు ఆఫీసు టవర్లు లేచాయి. జనం ఫ్రీవేల మీద తిరగబడి కొన్నింటిని ఆపించారు కూడా. 1967లో ప్లానింగ్ డైరెక్టరుగా వచ్చిన అలన్ జేకబ్స్ ఆ కోపాన్ని పత్రంగా మలిచాడు. 1971లో ఆమోదం పొందిన అర్బన్ డిజైన్ ప్లాన్‌లో నాలుగు భాగాలున్నాయి. నగరపు అల్లిక, పరిరక్షణ, పెద్ద కట్టడాలు, పేటల్లో బతుకు.

అందులో ఒక సూత్రం ఎంత చిన్నదో అంత లోతైనది. కొండ నెత్తిన సన్నటి ఎత్తైన కట్టడం రావచ్చు, కొండ పాదాన పొట్టివే రావాలి. అప్పుడు కట్టడాలన్నీ కలిసి కొండ ఆకారాన్ని మరింత స్పష్టం చేస్తాయి. తిరగేస్తే కొండ మాయమై ఊరు బల్లపరుపుగా కనిపిస్తుంది. లేతరంగు గోడలు, వీధి చివర నీళ్లు కనిపించేలా ఖాళీ, అడ్డగోలు వెడల్పు లేని భవనాలు ఇలాంటివే మిగతావి. వీటిని ఉపదేశంగా వదిలేయకుండా 1972లో నగరమంతటికీ ఎత్తు, బొజ్జ హద్దుల పటాలుగా చట్టం చేశారు. 1984లో పార్కుల మీద నీడ పడే కట్టడాలను కట్టడి చేసే నిబంధనకు జనం ఓటు వేశారు. 1989 భూకంపానికి దెబ్బతిన్న ఆ ఎంబార్కడేరో ఫ్రీవేను 1991లో కూల్చేసి, రేవును ఊరికి తిరిగి కలిపారు.

ఆ ప్రణాళిక తయారవుతున్న కాలంలోనే డొనాల్డ్ యాపిల్యార్డ్ అనే పరిశోధకుడు ఆ ఊళ్లోనే మూడు వీధులను పోల్చి చూశాడు. రోజుకు 2,000 వాహనాలు పోయే వీధిలో ఒక్కొక్కరికి సగటున ముగ్గురు స్నేహితులున్నారు. 16,000 వాహనాలు పోయే వీధిలో ఒకరు కూడా లేరు, 0.9. రోడ్డు వెడల్పు లెక్కల్లో ఎన్నడూ చేరని అంకె ఇది.

నాలుగు నగరాలు, నాలుగు పనిముట్లు

ఇంచుమించు ఆ కాలంలోనే వేరువేరు ఊళ్లు వేరువేరు పనిముట్లు పట్టాయి. పోర్ట్‌లాండ్ చేతిలో మొదటినుంచీ 200 అడుగుల చిన్న బ్లాకులున్నాయి. 1972 డౌన్‌టౌన్ ప్లాన్ తర్వాత 1974లో నది ఒడ్డున ఉన్న హైవేను మూసి పార్కు చేశారు. వీధి వైపు కిటికీలు లేని మొండిగోడ కట్టరాదన్న మాట అక్కడి డిజైన్ నిబంధనల్లోకి ఎక్కింది.

బ్రెజిల్‌లోని కురిటిబా బస్సును పట్టుకుంది. 1971లో మేయరైన జైమె లెర్నర్ స్వయంగా ఆర్కిటెక్టు. 1965లోనే పెట్టిన ప్రణాళికా సంస్థ అతనికి వెన్నెముక. 1974లో బస్సుకు సొంత దారి వేసి, ఆ దారి వెంటే ఎత్తైన కట్టడాలకు అనుమతి ఇచ్చారు, దూరం వెళ్లేకొద్దీ ఎత్తు తగ్గించారు. అక్కడ ఆకాశరేఖ చూస్తే బస్సు రూటు తెలిసిపోతుంది.

కోపెన్‌హేగెన్ 1962లో స్ట్రోయెట్ వీధిని నడిచేవాళ్లకు వదిలింది. యాన్ గేల్ అనే ఆర్కిటెక్టు ఏళ్ల తరబడి జనం ఎక్కడ నిలబడుతున్నారో, ఎక్కడ కూర్చుంటున్నారో లెక్కపెట్టాడు. వాహనాలను లెక్కపెట్టినట్టే మనుషులనూ లెక్కపెట్టాలన్నది ఆయన చేసిన మార్పు.

సింగపూరుది ఇంకా పాత కథ. 1822లో రాఫిల్స్ ఆదేశాల్లోనే ప్రతి ఇంటి ముందూ జనం నడిచే వరండా వదలాలని ఉంది. మన అరుగుకు దూరపు చుట్టం అది. స్థలం యజమానిది, నడక అందరిది. స్వతంత్ర సింగపూర్ అర్బన్ రీడెవలప్‌మెంట్ అథారిటీ ఆ సూత్రాన్ని ఆధునిక టవర్ల కింద నీడ దారులుగా కొనసాగించింది. 1989లో చైనాటౌన్, లిటిల్ ఇండియా వంటి పేటలను పరిరక్షణ కిందికి తెచ్చింది. కాకపోతే అక్కడ నేలలో చాలావరకు ప్రభుత్వానిదే. ఆ వెసులుబాటు లేని ఊళ్లు సింగపూరును నమూనాగా పెట్టుకునేటప్పుడు ఈ మాట మరిచిపోకూడదు.

తప్పిన లెక్కలు

ఈ చరిత్ర అంతా విజయగాథ కాదు. 1961లో న్యూయార్క్ చట్టాన్ని తిరగరాసి, ముందు ఖాళీస్థలం వదిలిన బిల్డరుకు అదనపు అంతస్తులు ఇచ్చింది. అత్యధిక సాంద్రత ఉన్న చోట ఒక చదరపు అడుగు ఖాళీకి పది చదరపు అడుగుల కట్టడం. బిల్డర్లు ఎగబడ్డారు. వచ్చిన ఖాళీల్లో కూర్చునే చోటు లేదు, నీడ లేదు, కొన్ని చోట్ల జనాన్ని రానివ్వని గేట్లు. విలియం వైట్ కెమెరాలు పెట్టి ఆ ఖాళీలను గమనించాక 1975లో షరతులు మార్చారు. 2000లో జెరాల్డ్ కేడెన్ బృందం ఇలాంటి 503 స్థలాలను పరిశీలించి, 41 శాతం జనానికి పెద్దగా ఉపయోగపడటం లేదని తేల్చింది. ఊరికి ఏం కావాలో రాయకుండా బేరం పెడితే బేరమే మిగులుతుంది. రోడ్డుకు స్థలం ఇచ్చినందుకు మరోచోట అదనంగా కట్టుకునే హక్కు పత్రాలు (టీడీఆర్) పంచే మన నగరాలు చదవాల్సిన పాఠమిది.

శాన్‌ఫ్రాన్సిస్కో మీద విమర్శ మరీ బరువైనది. కొండలు, వెలుగు, పేటల తీరు కాపాడుకున్న ఊరు కొత్త ఇళ్లకు తగినంత చోటు ఇవ్వలేదు. అక్కడ అద్దెలు మధ్యతరగతికి అందనంత పైకి పోయాయి. దానికి కారణాలు చాలా ఉన్నా, 'మా పేట మారకూడదు' అన్న మాటకు రూపకల్పన నిబంధనలు ఆయుధమయ్యాయన్నది నిజం. ముందే వచ్చినవాళ్లకు అందం, తర్వాత వచ్చేవాళ్లకు గేటు. హౌస్‌మన్ కూలగొట్టి పేదలను పంపాడు, వీళ్లు కట్టకుండా పంపారు. ఎత్తు తగ్గించే ప్రతి రూలూ ఎక్కడో ఎత్తు పెంచే రూలును వెంట తెచ్చుకోవాలి. కురిటిబా బస్సు దారి చెప్పేది ఆ మాటే.

మన పటాలు, మన జీవోలు

స్వతంత్ర భారతంలో ప్రణాళిక అంటే 1962 నాటి ఢిల్లీ మాస్టర్ ప్లానే నమూనా. భూమికి రంగులు, రోడ్లకు వెడల్పులు. రూపం సంగతి చూసేందుకు 1973 చట్టంతో ఢిల్లీకి అర్బన్ ఆర్ట్ కమిషన్ వచ్చింది గానీ, అది ముఖ్యంగా ఒక్కో ప్రతిపాదనను పరిశీలించి సలహా ఇచ్చే సంస్థ. ఊరంతటి షరతులను తిరగరాసే శక్తి దానికి లేదు.

తెలుగు నేల మీద 1975 పట్టణాభివృద్ధి చట్టంతో హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ హుడా పుట్టింది, తర్వాత విశాఖకూ విజయవాడ ప్రాంతానికీ సంస్థలు వచ్చాయి. హుడా 2008లో హెచ్‌ఎండీఏ అయింది. 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డు, దాని చుట్టూ, ఏర్పడిన నాటికే 7 వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న పరిధి, 2013లో వచ్చిన 2031 మాస్టర్ ప్లాన్, ఇవన్నీ పెద్ద అంకెలే. నగర రూపాన్ని మార్చింది మాత్రం రెండు జీవోలు. 2006లో 86, 2012లో 168. దేశంలో మిగతా మహానగరాలు స్థలానికి ఇంత విస్తీర్ణమే కట్టాలని ఎఫ్‌ఎస్‌ఐ హద్దు పెడితే, హైదరాబాదు ఆ హద్దును ఎత్తేసి రోడ్డు వెడల్పు, ప్లాటు సైజు, సెట్‌బ్యాక్‌లకు ఎత్తును ముడిపెట్టింది. వెడల్పు రోడ్డు మీద పెద్ద స్థలం ఉంటే ఆకాశమే హద్దు. కోకాపేటలో 50 అంతస్తులు దాటిన ఇళ్లు అలా వచ్చాయి. ఇళ్ల సరఫరా పెరిగిందన్నది ఈ విధానానికి దక్కాల్సిన మెచ్చుకోలు. కానీ ఒక ప్రశ్న ఆ జీవోల్లో వినిపించదు. అన్ని స్థలాల్లోనూ ఇలాగే కడితే ఆ ప్రాంతం ఎలా ఉంటుంది? గాలి ఎటు పోతుంది, నీడ ఎటు పడుతుంది, పిల్లవాడు బడికి ఎలా నడుస్తాడు?

శాన్‌ఫ్రాన్సిస్కోకు కొండలున్నట్టే హైదరాబాదుకు 250 కోట్ల ఏళ్ల నాటి బండరాళ్లున్నాయి. 1981 జోనింగ్ నిబంధనలకు 1995లో చేర్చిన 13వ నిబంధన వారసత్వ భవనాలతోపాటు కొన్ని రాతి గుట్టలకూ రక్షణ ఇచ్చింది. రాయిని వారసత్వంగా గుర్తించిన నిబంధన దేశంలోనే అరుదు. 2015 డిసెంబరులో దాన్ని తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఆలోగా జూబ్లీహిల్స్ నుంచి గచ్చిబౌలి దాకా ఎన్నో గుట్టలు కంకరగా మారి కాంక్రీటులో కలిశాయి. కొండ పేరు కాలనీ బోర్డు మీద మిగిలింది. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ పుట్టాక చెరువుల గీతలు మళ్లీ చర్చకొచ్చాయి. కూల్చివేతలతో మొదలయ్యే నగర రూపకల్పన ఆలస్యంగా తెరిచిన పుస్తకం. బుల్డోజరు చేసే పని రూలు ముందే చేసి ఉండాల్సింది.

విశాఖ కైలాసగిరికీ యారాడ కొండకూ నడుమ, సముద్రానికి ఎదురుగా ఉన్న ఊరు. వీధి చివర నీళ్లు కనిపించాలన్న శాన్‌ఫ్రాన్సిస్కో సూత్రం దానికి సరిగ్గా అతుకుతుంది. విజయవాడలో ఏలూరు, బందరు, రైవస్ కాలువలు ఊరి నడిబొడ్డునే పారుతున్నా ఇళ్లు వాటికి చాలాచోట్ల వీపు తిప్పి నిలబడ్డాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు నీటి దారి ఎవరిదో ఊరు మళ్లీ నేర్చుకుంది.

అమరావతిది మొదటి పేజీ నుంచి రాసే అవకాశం. 217 చదరపు కిలోమీటర్ల రాజధాని నగరం, సింగపూర్ సంస్థల మాస్టర్ ప్లాన్, ఫోస్టర్ సంస్థ గీసిన పాలనా కేంద్రం. అందరి కళ్లూ శాసనసభ ఆకారం మీదే నిలిచాయి. అసలు రూపకల్పన మరో చోట ఉంది. 2015లో రైతులు సమీకరణకు ఇచ్చిన 33 వేల పైచిలుకు ఎకరాలకు బదులుగా, మెట్టభూమి ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం రావాలి. బహుళ పంటలు పండే జరీబు భూమి అయితే వాణిజ్య వాటా 450 గజాలు. నగరంలో పెద్ద భాగం కట్టబోయేది ఈ ప్లాట్లలోనే. వాటి ముందు అరుగుంటుందా, ప్రహరీ ఉంటుందా, స్టిల్టు ఉంటుందా? మందడం, వెలగపూడి వంటి పాత ఊళ్ల వీధులకూ కొత్త గ్రిడ్డుకూ అతుకు ఎలా పడుతుంది? 2019 తర్వాత ఆగి, 2025 మేలో పనులు తిరిగి మొదలైన నగరానికి ఈ ప్రశ్నలు శాసనసభ గోపురం కంటే ముఖ్యమైనవి.

తేలిందేమిటి?

ఈ నగరాలన్నిటినీ వరసగా చూశాక ఒక మాట నిక్కచ్చిగా చెప్పొచ్చు. నగరానికి రూపకల్పన లేకపోవడం అంటూ ఉండదు. ప్రతి సెట్‌బ్యాకూ, ప్రతి పార్కింగు లెక్కా ఒక గీతే. తెలిసి గీసుకున్నామా, తెలియక గీసుకున్నామా అన్నదే తేడా. పత్తర్‌గట్టి తెలిసి గీసింది. స్టిల్ట్ ప్లస్ ఫైవ్ తెలియక గీసింది.

నిలబడిన ప్రయత్నాల వెనక మహాచిత్రాల కన్నా చిన్న చిన్న షరతులు, వాటిని దశాబ్దాల పాటు గుర్తుపెట్టుకున్న ఒక కార్యాలయం కనిపిస్తాయి. ప్రభుత్వం మారినా చెదరని కార్యాలయం. మన దగ్గర అధికారి బదిలీతో ప్రణాళిక కూడా బదిలీ అయిపోతుంది. షరతులకు తోడు, కొత్తగా వచ్చేవాడికి ఊళ్లో చోటు ఎక్కడో కూడా చెప్పగలగాలి. అది లేని అందం కొందరి పెరటితోట.

చట్టం ప్రకారం ముసాయిదా మాస్టర్ ప్లాన్‌ను జనం ముందు పెట్టి అభ్యంతరాలు అడగాలి. పెడుతున్నారు కూడా. మనం వెళ్లి, మన సర్వే నంబరు ఏ రంగులో పడిందో, రోడ్డు మన స్థలంలోంచి పోతోందా లేదా చూసుకుని ఊపిరి పీల్చుకుని వచ్చేస్తాం. ఈసారి ఒక్క కాగితం ఎక్కువ ఇచ్చి రండి. ఫెర్రిస్ వందేళ్ల క్రితం బొగ్గుతో చేసిన పనిని కంప్యూటరు ఇవాళ ఒక పూటలో చేస్తుంది. కాబట్టి అడగాల్సింది ఇంతే: 'ఈ రూలు ప్రకారం అందరం కట్టుకుంటే మా వీధి ఎలా ఉంటుందో, నడిచేవాడి కంటి ఎత్తు నుంచి గీసి చూపించండి. చూశాకే సంతకం పెడతాం.'